బొద్దుపిల్ల ఎవరిది?

గాల్లో ఎగిరే ఈకను చూసి దాని ఇంటిపేరు చెప్పగల కాకిని ఈ అడవిలో నేనొక్కణ్ణే. గద్దలు సైతం నా దగ్గరే ఓనమాలు దిద్దాయి. అంతటి నన్ను రెండు వడ్రంగిపిట్టలు ముప్పుతిప్పలు పెట్టాయి!

గాలివానకు వాటి తొర్రలున్న ఎండుకొమ్మ విరిగి, బంగారు వీపు పసిడమ్మ పిల్లా, చుక్కల వీపు చుక్కమ్మ పిల్లా ఒకే పొదలో పడ్డాయి. రెంటికీ అదే ఎర్రటోపీ, అవే బూడిదరంగు ఈకలు. కాకపోతే ఒకటి బొద్దు, ఒకటి బక్క.

"బొద్దుది నాదే!" అంది పసిడమ్మ.

"నీ మొహం! నా పోలిక కనబడ్డంలా?" అంది చుక్కమ్మ.

బక్కది బిక్కమొహం వేసింది.

నేను రెక్క విదిల్చి తీర్పు చెప్పాను. "పిల్లఈకలు రాలి అసలు ఈకలు రానీండి, అప్పుడు చెబుతా."

"అందాకా ఎవరు మేపాలి?"

"కన్నబిడ్డ పస్తుండకూడదనుకున్నవాళ్ళు!"

ఏది తన బిడ్డో తెలీక, ఇద్దరూ రెండు నోళ్ళలోనూ చీమగుడ్లు కుక్కారు. బక్కది కూడా బొద్దుగా తయారైంది.

కొత్త ఈకలొచ్చాయి. ఒక వీపు బంగారం, ఒక వీపు చుక్కలు! ఏడు కొండలకూ వినబడేలా గొంతు సవరించుకున్నాను.

"కాకి బావా, కాస్త పక్కకి జరుగు," అంది పసిడమ్మ. "నలుగురికీ సరిపడా తొర్ర తొలుస్తున్నాం. చెక్కపొట్టు కంట్లో పడుద్ది!"