తాడుకు అవతలి కొస

రొట్టె పళ్లెం మల్లేష్ ముందుకు వచ్చింది.

మల్లేష్ ముట్టలేదు. పక్కనున్న ఆయనకు అందించేశాడు.

కాజీపల్లిలో ఆ చర్చి ఒక రేకుల షెడ్డు. నలభై మంది విశ్వాసులు. ప్రతి ఆదివారం ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరుస్తారు. పద్నాలుగు నెలలుగా పళ్లెం మల్లేష్ చేతిలోకి వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

"ఇయ్యాల గూడనా?" చెప్పుల దగ్గర పాస్టరయ్య ఆపాడు.

"నాకు యోగ్యత లేదయ్యా. నా ప్రార్థన ఈ రేకులు గూడ దాటది."

"అంత ఏం జేసినవ్‌రా?"

"డ్యూటీకి టైమైతుంది" అని మల్లేష్ బైబిలు సంచి భుజానికేసుకుని నడిచాడు.

పద్నాలుగు నెలల కిందట, తనతో పనిచేసే ప్రవీణ్, కంపెనీ ట్యాంకు కడగడానికి లోపలికి దిగాడు. పైన తాడు మల్లేష్ చేతిలో ఉంది. ఫోను మోగింది. తాడును గొట్టానికి చుట్టి నాలుగడుగులు పక్కకు పోయాడు. తిరిగొచ్చేసరికి కింద చప్పుడు లేదు.

'చెప్పకుండా తనే దిగాడు' అని కంపెనీ కాగితం రాసుకుంది. మల్లేష్ నోరు మూసుకున్నాడు. శవం దగ్గరికి పోలేదు. 'నా తాడు మల్లేష్ పడతడు' అని ప్రవీణ్ ఇంట్లో చెప్పుకునేవాడు; అయినా ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆదివారం మిషన్లు ఆగుతాయి. ట్యాంకులు కడిగేది అప్పుడే. ఈసారి దిగే వంతు మల్లేష్‌ది. అతనికిదే మొదటిసారి. ట్యాంకు మాత్రం అదే.

తాడు పట్టడానికి ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. కొత్త మనిషి. చెవి మీద సగం కాలిన బీడీ. మణికట్టుకు అమ్మవారి ఎర్రదారం.

"సార్, ఈ ముసలాయన నన్నేం గుంజుతడు? వేరేటోళ్లను పెట్టుండ్రి" అన్నాడు మల్లేష్.

ముసలాయనకు వినబడింది. తాడు చుట్ట విప్పసాగాడు.

"తాడు పనే కావాలని అడిగి మరీ చేరాడయ్యా. ఇవాళ ఆయనే" అన్నాడు సూపర్‌వైజర్ సత్తిబాబు.

"లోపల గ్యాసు జూసే మీటరేది?" ముసలాయన అడిగాడు.

"బ్యాటరీ లేదు. పది నిమిషాల పనేగా?"

"మీటరు లేకుంట మనిషిని దింపుతవా?"

"నీ పని తాడు. నోరు కాదు."

బ్యాటరీ అయితే కొనాలి. మనిషి ఊరికే దొరుకుతాడు.

ముసలాయన మల్లేష్ ఒంటికి పట్టీ బిగించి, తాడు ముడి వేస్తున్నాడు.

"పేరేంది బిడ్డా?"

"మల్లేష్."

వేళ్లు ఆగిపోయాయి. వేసిన ముడి విప్పాడు. మళ్లీ వేశాడు, మొదటిదానికన్నా గట్టిగా.

"తాతా, లోపల నా చేతులు పట్టు తప్పితే?"

"నీ పట్టుతోని పనేంది? లోపలున్నోడు ఏం పట్టుకోవద్దు. పట్టుకునేది పైనున్నోని పని."

మల్లేష్ దిగాడు. మోకాలెత్తు బురద. కుళ్లిన గుడ్ల వాసన. పైన గుండ్రటి వెలుతురు, అందులో ముసలాయన తల.

"మల్లేషూ!"

మల్లేష్ తాడు ఒకసారి గుంజాడు. బాగానే ఉన్నానని గుర్తు.

రెండు బకెట్లు నిండాయి. ఉన్నట్టుండి వాసన పోయింది.

వాసన తెలియకుండా పోయిందంటే గ్యాసు తలకెక్కినట్టే. మల్లేష్‌కు ఆ సంగతి తెలుసు. గుర్తొచ్చేలోపే మోకాళ్లు వంగిపోయాయి.

"మల్లేషూ!"

తాడు గుంజాలి. చెయ్యి లేవలేదు. ప్రభువా అనాలి. నోరు కదలలేదు.

పైన వెలుతురులో తల కనబడలేదు.

పోయిండు, అనుకున్నాడు. నేను పోయినట్టే.

కళ్లు తెరిచేసరికి సిమెంటు గచ్చు మీద ఉన్నాడు. చుట్టూ మనుషులు. తాడు గిరక ఇరుక్కుపోయిందట. జనం ఉరికొచ్చేదాకా ముసలాయన ఒక్కడే ఒట్టి చేతులతో గుంజాడట. అరచేతుల తోలు తాడుకు అంటుకుని ఉంది.

"తాతా... నేనొకప్పుడు తాడు ఇడిసిపెట్టిన. మనిషి సచ్చిపోయిండు."

ముసలాయన తువ్వాల తడిపి మల్లేష్ మొహం తుడిచాడు.

"మాట్లాడకు. గాలి పీల్చు."

నాలుగు రోజులు దవాఖానలో. బయటికి రాగానే కంపెనీ గేటు దగ్గర ముసలాయన గురించి అడిగాడు. ఇంకో మనిషిని దింపనివ్వలేదని అదే రోజు పనిలోంచి తీసేశారట. ఊరేదో ఎవరికీ తెలియదు.

మళ్లీ ఆదివారం. ఆరాధనకు ముందే మల్లేష్ పాస్టరయ్యకు అంతా చెప్పేశాడు.

పాస్టరయ్య అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"యోగ్యత వచ్చినంక తిందామని కూసున్నవా? గట్లయితే సచ్చేదాక తినవ్. ఆ ముసలాయన నీ యోగ్యత జూసి గుంజిండా?"

"లేదయ్యా."

"తిను. తిని, ప్రవీణ్ ఇంటికి పో."

పళ్లెం వచ్చింది. మల్లేష్‌కు ముసలాయన మాట గుర్తొచ్చింది. లోపలున్నోడు ఏం పట్టుకోవద్దు. రొట్టె ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం సంగారెడ్డి బస్సెక్కాడు. అక్కడి నుంచి ఆటోలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి ప్రవీణ్ ఊరు చేరాడు. వాకిట్లో ప్రవీణ్ తల్లి కందులు చెరుగుతోంది.

"ఎవలు బిడ్డా?"

"ప్రవీణ్‌తోని పనిచేసినోణ్ని అమ్మా." మల్లేష్ చెప్పులు విడిచాడు. "ఆ రోజు తాడు నా చేతిలనే ఉండె. నేనే ఇడిసిపెట్టిన."

చేట ఆగింది.

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. లోపలికి తిరిగి, "ఇంటున్నవా, ప్రవీణ్ నాయనా?" అని మాత్రం అంది.

రెండు అరచేతులకూ గుడ్డ కట్టుకున్న ముసలాయన గడప దాటి వచ్చి, "ముడి ఏసినప్పుడే ఎరుకైంది, లోపలికి రా బిడ్డా" అన్నాడు.