ఆగిన గూడ్సు

బస్సు మళ్ళీ రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది.

"అయిపోయింది. ఈరోజు కూడా లేటే," అంది ధరణి పళ్ళు కొరుకుతూ.

గూడ్సు బండి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. పిండిమిల్లుకు గోధుమలు తెచ్చే బండి.

కేంబ్రిడ్జ్‌లో ఫ్యాక్టరీల వైపు వెళ్ళే బస్సు అదొక్కటే. నిండా స్టూడెంట్లే. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి పార్ట్‌టైమ్. ధరణి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. ఆ పని దొరకడానికి వేసవంతా తిరిగింది.

"ఇంకోసారి లేటైతే రావద్దన్నాడు సూపర్‌వైజర్," అంది పక్కనున్న క్లాస్‌మేట్ రోహిత్‌తో.

"నీ ప్లేస్ కోసం బయట లైన్ కట్టి ఉన్నారు మరి. వాడికేం ఫరక్ పడుతుంది?"

రోజూ కనిపించే ముసలాయన ఇవాళా ఉన్నాడు. నారింజ రంగు కోటు, తెల్ల గడ్డం. బండి పక్కన కుంటుతూ నడిచి, రెండు పెట్టెల మధ్య వంగి ఏదో చేస్తున్నాడు. ఆయన పని అయితే గానీ గేటు లేవదు.

ధరణికి ఒళ్ళు మండింది.

"అంకుల్, డోర్ తీయండి," అంది డ్రైవర్ కోదండరామ్‌తో. ఆయనది నెల్లూరు. పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు.

"ఎక్కడికమ్మా ఈ చలిలో?"

"వాళ్ళనే అడుగుతా."

దిగి గేటు దాకా వెళ్ళి, ఇంగ్లీషులో గట్టిగా అరిచింది.

"హలో! ఇంకెంతసేపు?"

ముసలాయన తలెత్తాడు.

"సారీ. రెండే నిమిషాలు. మీ షిఫ్ట్ ఎన్నింటికి?"

"ఎప్పుడో మొదలైంది! మీకు రోజూ రెండు నిమిషాలే. మా ఉద్యోగాలంటే మీకు లెక్కే లేదా?"

ఆయన గడియారం చూసుకున్నాడు. మళ్ళీ పెట్టెల మధ్యకి వంగాడు.

కాసేపటికి ఇంజను కూత పెట్టి ముందుకు కదిలింది. గేటు లేచింది.

ఇదే ఆఖరిసారి అని సూపర్‌వైజర్ వదిలేసినా, ధరణి కోపం మాత్రం దిగలేదు. గేటు దగ్గర బోర్డు మీదున్న నంబరుకు ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. కుంటుతూ నడిచే ముసలాయన కావాలనే బండి ఆపి ఆలస్యం చేస్తున్నాడని చెప్పింది.

"కనుక్కుని చర్య తీసుకుంటాం," అన్నారు అవతలివాళ్ళు.

"మస్తు చేసినవ్ ధరణీ," అన్నాడు రోహిత్.

తర్వాతి వారం ముసలాయన కనిపించలేదు.

బండి మాత్రం ఉంది. కొత్తగా వచ్చినతను ఇంజనులోంచి దిగనే లేదు. పెట్టెలన్నీ రోడ్డుకు అడ్డంగా, ఎక్కడివక్కడే.

ఎంతసేపైనా గేటు లేవలేదు. కోదండరామ్ బస్సు ఇంజను ఆపేశాడు. వెనక ఎవరో తిట్టుకుంటున్నారు. ఇంకెవరో దిగి మంచులో నడక మొదలుపెట్టారు.

ధరణి ఫోన్ మోగింది. సూపర్‌వైజర్ మెసేజ్. ఇక రానక్కర్లేదట.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవాళ ఇంతసేపేంటి అంకుల్? ఆ ముసలాయన ఉన్నప్పుడే నయం కదా!"

"ఇక రోజూ ఇంతేనమ్మా. మిల్లులో పని అయ్యేదాకా బండి కదలదు."

"మరి ఇన్నాళ్ళూ కదిలింది కదా?"

"నాకూ నిన్ననే తెలిసింది, మిల్లువాళ్ళు చెప్తే. ఈ లైను ఒకప్పుడు ఈ ఊరివాళ్ళ సొంత కంపెనీదంట. మిల్లు పనివాళ్ళు వచ్చే టైముకి బండిని మధ్యలో విడగొట్టి దారి వదిలేవాళ్ళంట. కంపెనీ చేతులు మారింది, ఆ పద్ధతీ పోయింది. ఆనాటి వాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే."

"ఇప్పుడాయన ఎక్కడ?"

"ఎవరో కంప్లైంట్ ఇచ్చారంట. ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, మేం చెప్పని పని ఎందుకు చేస్తున్నావని ఇంటికి పంపేశారు."

రోహిత్ ధరణి వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

"చెప్పని పనంటే..." అంది ధరణి.

కోదండరామ్ రోడ్డుకు అడ్డంగా ఉన్న పెట్టెల్ని చూస్తూ అన్నాడు.

"మీ స్టూడెంట్ల షిఫ్టులు పోకూడదని, ఆ కుంటికాలితోనే రోజూ కిందికి దిగి, బండిని రెండు ముక్కలు చేసి మన బస్సుకి దారి ఇచ్చింది ఆయనేనమ్మా."