చిలుమెక్కిన ఇత్తడి సెమ్మె

పుస్తకాలు తమను తామే చదివి వినిపిస్తూ, వినేవాళ్ల మాట కూడా ఆలకించే కాలం వచ్చింది. నారెమ్మ పంచలో చింతపండు కొట్టి గింజలు తీస్తూ, తాను ఇరవై ఏళ్లు చూసిన సీరియల్ ఆధారంగా వచ్చిన హత్య నవల వింటోంది. ఆమెకు ప్రాణమైన పనిమనిషి సుబ్బులుకే ఇన్‌స్పెక్టర్ బేడీలు వేయబోతున్నాడు.

"చారుకు చింతపండు పిసుకుతున్నది పిసుకుతున్నట్టే లేచి, ఈ ఇత్తడి దీపపు సెమ్మెతో రాత్రి యజమానిని కొట్టింది" అన్నాడు పుస్తకంలోంచి ఇన్‌స్పెక్టర్.

నారెమ్మ చేయి ఆగింది. "సెమ్మె మీద యాడన్నా మెరుపుండాదా సామీ?"

"లేదమ్మా. అంతా చిలుమే" అని పుస్తకంలోంచే జవాబిచ్చాడు ఇన్‌స్పెక్టర్.

"అయితే ఆ బిడ్డ ముట్టనే లేదు. చింతపండు చెయ్యి తగిలుంటే తెల్లారేసరికి ఆ చోటు తళతళలాడదా?"

కోడలు పుష్ప నవ్వింది. "రాసేసిన కథతో కొట్లాటేంది అత్తా?"

పుస్తకంలోంచి బేడీలు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"నన్ను కాపాడిందెవరయ్యా?" సుబ్బులు ఏడుస్తూ అడిగింది.

"చింతపండు కొట్టే నారెమ్మ" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ మాటే పక్కింటి పుస్తకంలోంచీ, ఎదురింటి పుస్తకంలోంచీ వినబడింది.

"అత్తా, అందరి కథా మారిపాయనే!" అంది పుష్ప.

నారెమ్మ చింతపండు అంటిన చేతులతోనే పుస్తకానికి దణ్ణం పెట్టింది.