గెలిచినావు పో

“గెలిచినావు పో.”

ఫోనులో ఆ రెండు మాటలు చూసి ఈశ్వరమ్మ లేచి కూర్చుంది. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. అవే మాటలు. రాసింది బసవరాజే!

ఏళ్ళ తరబడి సాగుతున్న కొట్లాట అది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు కలిపి ఫేస్‌బుక్కులో ఒక గ్రూపు ఉంది. అందులో ఆదోని తరఫున ఈశ్వరమ్మ మొగుడు, పత్తి వ్యాపారి శేషాద్రి, ఎమ్మిగనూరు తరఫున బసవరాజు. ఏ ఊరి బొరుగుల ఉగ్గాని రుచి, ఏ ఊళ్ళో ఎండ ఎక్కువ, ఏ ఊరి బస్టాండులో దోమలు పెద్దవి... ఏదైతేనేం, పొద్దున్నే మొదలు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది మాత్రం లేదు.

ఇలాంటి కొట్లాటలకు ఎవరూ రాసిపెట్టని కట్టుబాట్లుంటాయి. అవతలివాడు రాసింది పూర్తిగా చదవకూడదు. సాక్ష్యం చూపించమని అడగాలి, చూపిస్తే నమ్మకూడదు. చెప్పడానికేమీ లేనప్పుడు “నువ్వేం చదివినావప్పా?” అనాలి. ఇంటి సంగతులు అడగకూడదు. అన్నిటికన్నా పెద్దది, చచ్చినా ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే రేపు మాట్లాడటానికి ఏముంటుంది? కైరుప్పల జాతరలో పిడకలతో కొట్టుకునేవాళ్ళయినా ఆట ముగిశాక ఒక్కటవుతారు. ఇక్కడ ఆ ముచ్చటే లేదు.

శేషాద్రి ఉన్నన్నాళ్ళూ ఆ బసవరాజంటే ఈశ్వరమ్మకు ఒళ్ళుమంట. మొగుడు తనతో మాట్లాడేది ‘ఊ’, ‘ఆ’ అంతే. ఫోను పట్టుకుంటే మాత్రం పకపకా నవ్వేవాడు.

“ఆ నవ్వేదేదో నాకూ సెప్పరాదా?” అని ఒకసారి అడిగింది.

“నీకు అర్థం కాదులే,” అన్నాడు.

పోయిన దసరాకు శేషాద్రి కన్నుమూశాడు. కర్మకాండలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. కొడుకు మనీష్ మండీకి, కోడలు నవ్యశ్రీ బడికి. ఇంట్లో మిగిలేది ఈశ్వరమ్మ, పైన తిరిగే ఫ్యాను. అలాంటి ఒక రోజు ఆయన ఫోను టింగుమంది.

“యాడ సచ్చినావప్పా శేషాద్రీ? ఓడిపోతానని పారిపోయినావా?”

ఈశ్వరమ్మకు ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. పోయిన మనిషిని పారిపోయినాడంటాడా! ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. “ఊరికి పోయింటి. ఓడేది నేనా, నువ్వా?”

అంతే. ఆ రోజు నుంచి శేషాద్రి పేరు మీద ఈశ్వరమ్మే కొట్లాడుతోంది. తప్పని తెలుసు. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. కానీ చెబితే కొట్లాట ఆగిపోతుంది. పొద్దున లేస్తే ఆమెను పలకరించే మనిషి ఆ బసవరాజొక్కడే మరి!

ఒకసారి పట్టుబడినంత పనయింది. ఉగ్గాని మీద మాటామాటా పెరిగి, బొరుగులు ఎంతసేపు నానాలో రాసేసింది. రాశాక నాలుక కరుచుకుంది. పత్తి వ్యాపారికి పొయ్యి సంగతులేం తెలుసు? బసవరాజు మాత్రం అనుమానపడలేదు. “అంతసేపు నానితే ముద్దయిపోతాయప్పా! ముంచి ఎంటనే పిండేయాల. పుట్నాల పొడి దించినాక సల్లాల,” అని చీవాట్లు పెట్టాడు.

పెండ్లాం పక్కన కూర్చుని చెప్పి రాయిస్తోంది కాబోలు, అదృష్టవంతురాలు అనుకుంది ఈశ్వరమ్మ.

అలాంటి బసవరాజు ఇప్పుడు ‘గెలిచినావు పో’ అంటాడా?

“మీ ఊరి ఉగ్గాని కుక్కలు గూడ ముట్టవు,” అని రెచ్చగొట్టి చూసింది. జవాబు లేదు. మర్నాడూ లేదు. ఆమెకు ముద్ద దిగలేదు. మనిషికేదో అయింది, లేకుంటే ఎందుకు ఒప్పుకుంటాడు? కోడలికి గుడికని చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఉన్నదంతా చెప్పేస్తాను, తిడితే తిట్టనీ, మనిషి బాగుంటే చాలు అనుకుంటూ దారంతా కిటికీ చువ్వ పట్టుకునే కూర్చుంది.

బసవరాజు ఒకసారి తన ఇంటి ఫోటో పెట్టాడు. నీలం గేటు, ఎదురుగా పిండిమర. ఆ పిండిమర ఎక్కడని అడుక్కుంటూ వెళ్ళి తలుపు తట్టింది.

తీసింది తన ఈడు ఆడమనిషే. కుడిచేతికి మోచేయి దాకా సిమెంటు కట్టు.

“బసవరాజన్న ఇల్లు ఇదేనామ్మా? నేను ఆదోని శేషాద్రి ఇంటామెను.”

ఆ మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. “అయ్యో... లోపలికి రామ్మా. నేను మల్లేశ్వరి. ఆయన భార్యను.”

“అన్న బాగుండాడా? గెలిచినావు పో అని పెట్టినాడు. మళ్ళ పలకల్యా. నాకు భయమేసింది.”

మల్లేశ్వరి మంచం మీదున్న ఫోనును ఎడమచేత్తో కొంగు కిందికి లాక్కుంది.

ఈశ్వరమ్మ గొంతు సవరించుకుంది. దారంతా కూడదీసుకున్న మాట పెదవుల దాకా వచ్చింది. అంతలో మల్లేశ్వరే ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆయన పోయి నాలుగేండ్లాయమ్మా... సెయ్యి ఇరిగి నేను రాయల్యాక అట్ల అంటి గానీ, శేషాద్రన్నకు నా మీద కోపమొచ్చిందా?”