6283 నంబరు మేగజీన్

అట్టపెట్టె అడుగున పడి ఉన్న ఆ పిస్తోలు మేగజీన్‌ని తిరగేసి చూడగానే వెర్లిన్ గుండె ఝల్లుమంది. దాని కింది కొసనున్న చెక్క మడమ మీద నాలుగంకెలు. ఆరు, రెండు, ఎనిమిది, మూడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. అంకెలు మారలేదు.

"ఏమైనా నచ్చిందా నాయనా?" బల్ల వెనక కూర్చున్న ముసలాయన అడిగాడు.

"అబ్బే, ఊరికే చూస్తున్నా పెద్దాయనా," అంటూ దాన్ని మళ్ళీ పెట్టెలో పడేశాడు. పడేశాడన్న మాటే గానీ ప్రాణం దాని మీదే ఉంది.

ఉండదూ మరి! పాత జర్మన్ లూగర్ పిస్తోలు విలువంతా నంబర్లలోనే ఉంటుంది. గొట్టం మొదలుకుని చిన్న మర దాకా అన్నింటి మీదా ఒకటే నంబరు పడాలి. తూటాలు నింపే మేగజీన్ మీదా అదే ఉండాలి. వెర్లిన్ పిస్తోలులో అన్నీ 6283, మేగజీన్ ఒక్కటే పరాయిది. మస్కోగీ ఊళ్ళో ఏటా జరిగే ఈ తుపాకుల సంతలో పదకొండేళ్ళుగా పిస్తోలు పక్కనే "6283 నంబరు మేగజీన్ కావలెను" అని పెద్ద పెద్ద అక్షరాలతో ఒక అట్ట నిలబెడుతున్నాడు. పదకొండేళ్ళుగా పక్కబల్ల గేలార్డ్ ఉత్తమ లూగర్ కప్పు ఎత్తుకుపోతున్నాడు.

పోతే పోయాడు, నోరు మూసుకుని పోడు. "నీ పిస్తోలు ఎవరివో కట్టుడు పళ్ళు పెట్టుకుని పెళ్ళికొచ్చినట్టుందిరా," అని పొద్దున్నే పదిమందిలో అని నవ్వించాడు. మూడింటికి పోటీ. ఇప్పుడు రెండున్నర.

"ఇది మీకెక్కడిది?" మొహంలో ఏమీ కనపడకుండా అడిగాడు వెర్లిన్.

"మా పెదనాన్న యుద్ధం నుంచి తెచ్చాట్ట నాయనా. పిస్తోలు ఎవరికో అమ్మేశాడు, ఇది సొరుగులో ఉండిపోయింది. నాకు వీటి గురించి ఓనమాలు రావు. ఎంతిస్తావో నువ్వే చెప్పు."

"చెక్క బీటలు వారింది. స్ప్రింగు చచ్చింది. వంద డాలర్లు."

"ఇందాక ఒకాయన మూడొందలకి అడిగాడే!"

"మూడొందలా! మరి ఇచ్చెయ్యకపోయారా?" అని వెర్లిన్ రెండడుగులు వేశాడు.

"ఆగు నాయనా ఆగు. కోపమెందుకు? రెండొందలు చేసుకో."

వెర్లిన్ పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా నిట్టూర్చి డబ్బిచ్చాడు. మేగజీన్ జేబులో వేసుకుని తాపీగా నడిచాడు. మొక్కజొన్న పిండి సాసేజీలు వేయించే బండి చాటుకి వెళ్ళాక మాత్రం, అరవై మూడేళ్ళ మనిషి, గెంతులు వేశాడు. బండి దగ్గరి ఆవిడ, "నూనె గానీ మీద పడిందా అన్నయ్యా?" అని కంగారుపడింది.

గెంతడం అయ్యాక మనసు పీకడం మొదలైంది. పాపం, ముసలాయన ప్యాంటుని పట్టి ఉంచే పట్టీలు దారాలు లేచిపోయి ఉన్నాయి. ఆయన వెయ్యి అడిగినా తను కిక్కురుమనకుండా ఇచ్చేవాడు. ఓనమాలు తెలియని మనిషిని పట్టుకుని బేరమాడటమేమిటి? ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుని గబగబా వెనక్కి వెళ్ళి, ఇంకో రెండొందలు ఆయన గుప్పిట్లో కుక్కాడు.

"ఇదేంటి నాయనా?"

"మీరు మరీ తక్కువ చెప్పారు పెద్దాయనా. ఉంచండి."

ముసలాయన కళ్ళు చెమర్చాయి. "ఈ రోజుల్లో కూడా ఇలాంటివాళ్ళున్నారా!" అంటూ జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. దాన్ని చప్పరిస్తూ వెర్లిన్ గాలిలో తేలుతూ తన బల్ల దగ్గరికి వచ్చాడు.

మేగజీన్ పిస్తోలులోకి టక్కున దిగింది. అబ్బ, ఆ శబ్దం! పదకొండేళ్ళ ఆకలి తీరినట్టయింది. గేలార్డ్ వంగి నంబరు చూశాడు. తింటున్న కేకు ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఎక్కడ దొరికిందిరా?"

"దొరకాల్సినవాడికి దొరికింది. ఇంటికెళ్ళి కప్పు అలమారలో దుమ్ము దులుపుకో. ఈ ఏడు అది ఖాళీ."

సరిగ్గా మూడింటికి న్యాయనిర్ణేత ఐడెల్లా వచ్చింది. లూగర్ల విషయంలో ఆవిడ మాటకి తిరుగులేదు. భూతద్దం కన్నుకి ఆనించుకుని ఒక్కొక్క నంబరే చూసింది. ప్రతి నంబరుకీ తల ఊపింది. వెర్లిన్ ఊపిరి బిగబట్టాడు. ఆఖరికి మేగజీన్ బయటికి లాగింది. చెక్క మడమని బొటనవేలితో గట్టిగా రుద్దింది.

వేలు నల్లగా అయింది. వాసన చూసింది.

"బూట్ పాలిష్," అంది. "కొత్తగా చెక్కిన అంకెలు పాతవిగా కనపడాలని పూశారు. ఇంకా ఆరను కూడా లేదు."

వెర్లిన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. కప్పు సంగతి తర్వాత, ముందు పరువు దక్కాలి. "నాకేం తెలియదమ్మా! అంకెలు నేను చెక్కుకోలేదు. అదిగో, ఆ చివరి వరసలో ముసలాయన దగ్గర కొన్నాను. పైగా పాపం అనిపించి, వెనక్కెళ్ళి ఇంకో రెండొందలు ఇచ్చి మరీ వచ్చాను!"

ఐడెల్లా భూతద్దం దించి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"తెలుసులే వెర్లిన్. అట్ట మీద రాసి పెట్టుకున్న నంబరు మేగజీనే దొరికిందని పొద్దుటి నుంచి నా దగ్గరికి వచ్చినవాళ్ళలో నువ్వు ఏడోవాడివి. ఏడుగురూ పాపం అనిపించి, వెనక్కెళ్ళి ఇంకో రెండొందలు ఇచ్చి మరీ వచ్చారు."