తొమ్మిదో మేకు

నీళ్ళు నాలుగు సీసాలు.

మోకాలికి పట్టీ.

తెల్లవారుతూనే బయలుదేరాలి.

మధ్యాహ్నానికల్లా శిఖరం చేరాలి.

చీకటి పడకముందే దిగాలి.

దిగాక బిళ్ళలు తిరిగి ఇవ్వాలి.

మొదటి ఐదూ అక్క ముందురోజే కాగితం మీద రాసుకుంది. ఆరోది మాత్రం కొండ మొదట్లో, రేకుల షెడ్డులో కూర్చున్న ముసలాయన రాయించాడు.

అక్కకు మోకాలి ఆపరేషన్ అయి ఏడాది. మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేసే మనిషి, ఆర్నెల్లు మంచం దిగలేదు. నువ్వు నడిచిన రోజు నిన్ను తీసుకెళ్ళి ఆ కొండ మీద నిలబెడతానని తమ్ముడు అప్పుడే మాటిచ్చాడు. అతను కరెంటు లైన్‌మన్. ఎత్తులంటే లెక్కలేదు.

ముసలాయన పుస్తకంలో ఇద్దరి పేర్లూ, టైమూ రాసుకున్నాడు. అక్క మోకాలికి కట్టిన పట్టీ వంక కాసేపు చూశాడు. గోడకున్న చెక్కపలకకు ఇరవై మేకులు, మేకుకో చెక్కబిళ్ళ. ఒకటీ రెండూ అంకెలున్నవి తీసి ఇచ్చాడు.

"మళ్ళీ ఇదే దారిన దిగి ఇవి నా చేతిలో పెట్టాలి. ఇది కూడా రాసుకో అమ్మా."

తమ్ముడు నవ్వాడు. "మా లైన్‌క్లియర్ లాంటిదన్నమాట."

"అంటే?"

"మేం స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో చెప్పి లైన్ ఆపిస్తాం తాతా. దిగామని మేం చెప్పేదాకా అక్కడి మనిషి స్విచ్ ముట్టుకోడు."

"అయితే నీకు వేరే చెప్పక్కర్లేదు" అన్నాడు ముసలాయన.

తమ్ముడు మళ్ళీ పలక వంక చూశాడు. తొమ్మిదో మేకు ఖాళీగా ఉంది. దాన్నెవరు మింగేశారని అడిగాడు.

"ఇంకా దిగలేదు."

ఆయన నవ్వలేదు. వాళ్ళు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

అడవిలో ఎండ కిందికి దిగలేదు. చెట్ల వేళ్ళు తడిగా ఉన్నాయి, అడుగు వేస్తే జారుతున్నాయి. కూలిన చెట్లను కూర్చుని దాటాల్సి వచ్చింది. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివై, చివరికి రాళ్ళే మిగిలాయి. ఒకచోట దారి పక్కనే లోయ. అక్కడ తమ్ముడు వెనక్కి తిరిగి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

శిఖరం చేరేసరికి ఒంటిగంట. అక్క రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడింది. తమ్ముడు మొహం అటు తిప్పుకున్నాడు.

కూర్చుని లేవబోతే మోకాలు పొంగి ఉంది. కింద నుంచి పొగమంచు ఎక్కుతోంది.

అక్క నాలుగు దిక్కులా చూసింది. "మనకంటే ముందు ఎక్కిన ఆ తొమ్మిదో బిళ్ళ మనిషి ఎక్కడా కనపడలేదేంట్రా?"

"అటువైపు దిగిపోయి ఉంటాడు. అటు మట్టిరోడ్డు ఉంది, గంటలో బస్సు. మనమూ అదే చేద్దాం. ఈ కాలితో ఆ రాళ్ళ మీద నిన్ను దింపలేను."

"మరి బిళ్ళలు?"

"రేపు బండి మీద వెళ్ళి ఇచ్చొస్తాలే. రెండు చెక్కముక్కల కోసం ఆయనేమైనా కొండ ఎక్కి వస్తాడా?"

అక్కకు మనసొప్పలేదు. మోకాలు మాత్రం ఒప్పుకుంది.

బస్సు ఎక్కేసరికి వాన మొదలైంది. ఇంట్లో కాలికి కాపడం పెట్టుకుంటూ, ముసలాయన చూస్తుంటాడేమో అని అక్క రెండుసార్లు అంది. చూసి చూసి ఇంటికి పోతాడులే అన్నాడు తమ్ముడు.

మర్నాడు సాయంత్రం వాన తగ్గాక అక్క కూడా బండెక్కింది.

షెడ్డు ముందు జీపు ఆగి ఉంది. పొద్దున్నే వచ్చిన అటవీశాఖ గార్డు తెరిచి ఉన్న పుస్తకం చూసి మనుషుల్ని పైకి పంపాడట. అప్పుడే నలుగురు మనుషులు, టార్పాలిన్ కప్పిన మంచం ఒకటి కిందికి దించుతున్నారు. ముసలాయన శిఖరానికి కాస్త కింద, లోయలో దొరికాడట. మెడలో విజిల్ ఉంది. సంచిలో రెండు దుప్పట్లు, రెండు సీసాల నీళ్ళు, చుట్టిన కట్టుగుడ్డ ఒకటి.

అక్క కట్టుగుడ్డ వంక చూసింది. తర్వాత తన మోకాలి వంక చూసుకుంది.

గార్డు పుస్తకం వాళ్ళ ముందుకు తిప్పాడు. చివరి వరుస తిన్నగా, తొందరలేని రాతలో ఉంది.

"ఒకటీ రెండూ దిగలేదు. ఆమెకు కాలు బాగాలేదు. ఐదున్నరకు బయలుదేరుతున్నాను."

తమ్ముడు జేబులోంచి బిళ్ళలు తీశాడు. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

"మేం అటువైపు దిగిపోయాం" అన్నాడు.

గార్డు పుస్తకం మూశాడు.

"ఆ మాట మేం కూడా ఆయనకు ఒకసారి చెప్పాం. అటువైపు దిగిపోయి ఉంటుంది, పొద్దున్నే కబురొస్తుంది, ఇంటికెళ్ళి పడుకో అని. నమ్మి వెళ్ళాడు. ఆ కబురు ఇప్పటికీ రాలేదు, పదకొండేళ్ళయింది."

తమ్ముడి చూపు పలక మీదికి పోయింది.

"ఆయన కూతురు" అన్నాడు గార్డు. "తొమ్మిదో బిళ్ళ ఆయనే చేతికిచ్చి పంపాడు. రిటైరై ఆరేళ్ళు, ఆ వెనకే ఇక్కడ ఉద్యోగమే తీసేశారు. జీతం లేదు. అయినా ఒక్కరోజు మానలేదు."

తమ్ముడు షెడ్డు బయట నేల మీద కూలబడ్డాడు. అక్కే బిళ్ళలు తీసుకుని లోపలికి వెళ్ళి, ఒకటో మేకుకు ఒకటి, రెండో మేకుకు ఒకటి తగిలించింది. కాగితంలో ఆరో పని అది.

మీరెప్పుడైనా ఏ కొండో ఎక్కి క్షేమంగా దిగితే, దిగామని ఎవరికో ఒకరికి చెప్పండి. చెప్పేటప్పుడు, అటువైపు దిగిపోయి ఉంటారన్న మాటను రెండోసారి నమ్మలేకపోయిన ఆ తండ్రిని ఒక్కసారి తలుచుకోండి.