తొమ్మిది డబ్బాల తాతయ్య

"అమ్మాయ్, ఇవాళ కూడా మోగలేదు."

ఆ గొంతు వినగానే ఇంజనీరమ్మాయి పెన్ను తీసుకుంది. తొమ్మిదిన్నర అయింది. తాతయ్య ఫోన్‌ను బట్టి ఆఫీసు గడియారం సరిచేసుకోవచ్చు.

"ఏ డబ్బా తాతయ్యగారూ?"

"మూడువందల పన్నెండు. మాత్ర వేసుకున్నారులే, భయం లేదు."

ఆ కంపెనీ మాత్రల డబ్బాలు తయారుచేస్తుంది. వేళకు గంట మోగుతుంది. మూత తీసి మాత్ర వేసుకుంటే ఊరుకుంటుంది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళకు అదో తోడు.

తాతయ్య చెప్పిన నంబర్లు నెలన్నరలో తొమ్మిదయ్యాయి. దాంతో ఆఫీసంతా కలిసి ఆయనకు తొమ్మిది డబ్బాల తాతయ్య అని పేరు పెట్టేసింది.

"గంట మోగలేదంటాడు, ఒక్కరూ మాత్ర తప్పలేదంటాడు," అన్నాడు మేనేజరు. "నిజంగా మోగకపోతే ఈపాటికి ఒక్కరైనా ఆస్పత్రిలో పడాలా, వద్దా? ఆయనకు పొద్దుపోక చేస్తున్నాడమ్మా."

"అబద్ధమాడే గొంతులా లేదు సార్."

"పది రోజుల్లో ఆస్పత్రివాళ్ళ డబ్బాలు రెండు వందలు సర్వీసుకొస్తున్నాయి. వాటికీ నువ్వు రాసిన ఈ ప్రోగ్రామే ఎక్కించాలి. ఈలోగా తప్పు దొరికితే సరే. లేకపోతే ఈ ఫిర్యాదు మూసెయ్."

ఆ రెండు వందల మాటే ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు. తాతయ్య చెప్పేది నిజమైతే, రెండు వందల మంచాల పక్కన గంట మోగకుండా పోతుంది.

కళ్ళలో వత్తులు వేసుకుని ప్రోగ్రామ్ నలభైసార్లు చదివింది. ఏ వరుసకు ఆ వరుస సరిగ్గానే ఉంది. పరీక్షకని బల్లమీద పెట్టుకున్న ఐదు డబ్బాలూ పూటపూటా గణగణమని మోగాయి. పక్క బల్లవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకున్నారు గానీ తప్పు మాత్రం దొరకలేదు.

సోమవారం మళ్ళీ ఫోన్.

"ప్రోగ్రామ్‌లో తప్పేమీ కనబడటం లేదు తాతయ్యగారూ."

"నువ్వు రాసింది తప్పని నేననలేదమ్మా. ఒక్క మాట విను. మా మేడలో పదమూడు డబ్బాలున్నాయి. బ్యాటరీ మార్చడానికి మీ సర్వీసు కౌంటర్‌కి వెళ్ళొచ్చిన తొమ్మిదే మొరాయిస్తున్నాయి. వెళ్ళని నాలుగూ బుద్ధిగా మోగుతున్నాయి."

ఆమె రాసుకుంది. ఈయన ఆ మేడ సంఘానికి ప్రెసిడెంటు కాబోలు అనుకుంది.

"కాస్త తొందరగా చూడమ్మా. నా మోకాళ్ళు ఇంక సహకరించేలా లేవు."

మోగని గంటకూ మోకాళ్ళకూ సంబంధమేమిటో ఆమెకు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏ మాట మొదలుపెట్టినా చివరికి మోకాళ్ళ దగ్గరికే వస్తారులే అని నవ్వుకుంది.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ తర్వాత రెండు రోజులూ రాలేదు. తనే చేస్తే ఎవరూ ఎత్తలేదు.

"చూశావా, తప్పు దానంతటదే పోయింది," అన్నాడు మేనేజరు.

ఆమెకు మాత్రం తొమ్మిదిన్నర కాగానే చెయ్యి ఫోన్ వైపు వెళ్ళేది. తాతయ్య లేని పొద్దు వెలితిగా ఉంది.

శుక్రవారం కింది అంతస్తులోని సర్వీసు కౌంటర్‌కి వెళ్ళింది. అక్కడి మెకానిక్ ఆఫీసందరికీ బాబాయే.

"బాబాయ్, సర్వీసుకొచ్చిన డబ్బాలకు ప్రోగ్రామ్ ఎవరు ఎక్కిస్తారు?"

"నేనే. నువ్వు పంపింది పంపినట్టే ఈ కంప్యూటర్లో కంపైల్ చేసి ఎక్కిస్తాను. ఒక్క అక్షరం ముట్టుకోను తల్లీ."

ఆమె వంగి తెరమీద చూసింది. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. పైన అందరి దగ్గరా ఈ ఏటిది ఉంది. బాబాయి దగ్గరున్నది పదకొండేళ్ళ నాటిది.

"దీన్ని మార్చలేదేం బాబాయ్?"

"నడుస్తున్నదాన్ని కెలకడమెందుకని."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. మూత తీశారో లేదో ప్రతి పూటా చూడమని ఆమె రాస్తే, ఆ పాత కంపైలర్ ఒకసారి చూశాం కదా అని మిగతావి ఎగ్గొడుతోంది. రాత్రి ఎవరైనా ఊరికే మూత తీసి చూస్తే చాలు. పొద్దుటి మాత్ర కూడా అయిపోయిందనుకుని డబ్బా నోరు మూసుకుంటోంది.

కంపైలర్ మార్చి, అదే ప్రోగ్రామ్‌ను మళ్ళీ ఎక్కించారు. డబ్బా మోగింది.

"తాతయ్య చెప్పకపోతే ఈ జన్మకు దొరికేది కాదు బాబాయ్," అంది. ఈ సంగతి ముందుగా ఆయనకే చెప్పాలనిపించింది.

శనివారం పొద్దున్నే లాప్‌టాప్, కేబులు సంచిలో వేసుకుని ఆ మేడకు వెళ్ళింది. ఫిర్యాదు రాయించినప్పుడు ఆయన చెప్పిన గది మెట్ల కిందే ఉంది. దానికి తాళం వేసి ఉంది.

ఎదురింటి మామ్మగారు చేతికర్రతో బయటికొచ్చింది.

"సోమవారం రాత్రి పోయారమ్మా. నిద్రలోనే."

ఐదు రోజుల ముందు ఆ కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఉంటే బాగుండేదని ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఆయన డబ్బా ఉంటే ఇవ్వండి మామ్మగారూ, దాంతోనే బాగుచెయ్యడం మొదలుపెడతాను."

"ఆయనకు డబ్బా ఎక్కడిది? ఇక్కడ వాచ్‌మన్ ఆయన. ఒక్క మాత్ర వేసుకునే మనిషి కాదు."

"మరి గంటలు మోగలేదని రోజూ ఆయనకెలా తెలిసేది?"

"ఎనిమిదయ్యేసరికి మెట్ల మధ్య నిలబడి వినేవారు. ఏ ఇంట్లో మోగకపోతే ఆ ఇంటికి ఎక్కి తలుపు తట్టేవారు. మాత్ర మింగేదాకా గుమ్మంలోంచి కదిలేవారు కాదు."

ఆమె తలెత్తి చూసింది. నాలుగంతస్తులు. లిఫ్టు లేదు. మోకాళ్ళ మాట గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

"అయితే మీరెవరూ నిజంగానే ఒక్కసారి కూడా మాత్ర తప్పలేదా?"

మామ్మగారు తాళం వేసిన గది వైపు చూసింది.

"తప్పాం తల్లీ, ఆయన పోయిన మర్నాడు పొద్దున."